కళ్లద్దాల పవర్ తీసేసే లేజర్ ఆపరేషన్ లేసిక్‌కి ఒక ఊళ్లో ఒక రేటు, ఇంకో ఊళ్లో ఇంకో రేటు ఎందుకు? తగ్గించుకునే దారి ఉందా?

ఊరి కన్నా మెషీన్ వల్లే తేడా ఎక్కువండి. బ్లేడుతో కంటి ముందు పొరని పల్చగా కోసి ఫ్లాప్‌లా లేపే పాత లేసిక్ మన దగ్గర రెండు కళ్లకీ కలిపి సుమారు 30-40 వేలల్లో అయిపోతుంది, అదే ఆ ఫ్లాప్‌ని లేజర్‌తోనే కోసే ఫెమ్టో లేజర్ అయితే 60 వేలు దాటుద్ది, ఫ్లాప్ లేకుండా చిన్న కోతతో చేసే స్మైల్ అంటే దాదాపు లక్ష, అందుకే హైదరాబాద్‌లోనే రెండు వీధుల మధ్య మూడింతలు తేడా కనిపిస్తది. విజయవాడ, వైజాగ్‌లో కాస్త తక్కువ ఉండొచ్చు గానీ మరీ పెద్ద తేడా ఏం కాదు. అమెరికాలో మాత్రం ఒక్కో కంటికే 2000 డాలర్ల పైమాట, అందుకే మనవాళ్లు సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడే చేయించుకుని పోతుంటారు, కానీ చెకప్‌లకి కొన్ని వారాలు ఉండేలా ప్లాన్ చేసుకోండి, సాఫ్ట్ లెన్స్ వాడేవాళ్లు టెస్టులకి వారం రెండు వారాల ముందే ఆపాలి కూడా.

యాడ్‌లో పెద్ద అక్షరాల్లో వేసే రేటు చాలాసార్లు ఒక కంటిదే ఉంటది. టెస్టులు, చుక్కల మందులు, పవర్ మిగిలితే మళ్లీ చేసే టచప్ ఇవన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. పవర్ 7.5 కన్నా తక్కువైతే ఇన్సూరెన్స్ మామూలుగా ఇవ్వరు, ఆ పైన ఉంటే పాలసీ చూసి అడగండి. అమెరికాలో ఉంటే ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చులకి ట్యాక్స్ లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బులు వాడుకోవచ్చు, ట్యాక్స్ మిగుల్తది.

కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) పల్చగా ఉందంటే ఫ్లాప్ లేకుండా పైపైన లేజర్ చేసే పీఆర్‌కే గురించి అడగండి, చవకే గానీ నాలుగైదు రోజులు మంట భరించాలి. కార్నియా ఆకారం చూసే టోపోగ్రఫీ టెస్ట్ లేకుండా డిస్కౌంట్ ఇస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి.