కెనెడీ హత్య వెనక కుట్ర ఉందని ఇప్పటికీ ఎందుకంటారు?

సగం కారణం జాక్ రూబీ. 1963 నవంబర్ 22న డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చాడని పట్టుకున్న లీ హార్వీ ఆస్వాల్డ్‌ను, రెండు రోజులకే పోలీసు ఆఫీసు బేస్‌మెంట్‌లో, టీవీ కెమెరాల ముందే ఈ నైట్‌క్లబ్ యజమాని కాల్చి చంపాడు. ఇక కోర్టు విచారణ లేదు. నోరు మూయించారన్న అనుమానం మిగిలిపోయింది.

ఆస్వాల్డ్ ఒక్కడే చేశాడని 1964లో ప్రభుత్వ విచారణ సంఘమైన వారెన్ కమిషన్ తేల్చింది. అందులో ఎక్కువగా ఎగతాళి పాలైంది ఒకే తూటా కథ. కెనెడీ మెడలోంచి దూసుకొచ్చి, అదే కారులో ముందు సీట్లో ఉన్న టెక్సాస్ గవర్నర్ కానలీ వీపు, మణికట్టు, తొడ దాకా వెళ్లిందట! గాల్లో మలుపులు తిరిగిందా అని అడుగుతారు. తూటా దారిని అలా వంకరగా బొమ్మ గీసేవాళ్లు ఇద్దరినీ ఒకే ఎత్తులో, ఒకరి వెనక ఒకరిని కూర్చోబెడతారు. నిజానికి కానలీ సీటు కాస్త కిందికి, కాస్త కారు మధ్యవైపుకి ఉంది. అలా పెట్టి చూడండి, గీత దాదాపు తిన్నగానే వస్తుంది.

1979లో ప్రతినిధుల సభ కమిటీ 'బహుశా కుట్రే' అంది కదా అంటారు. దానికి ముఖ్య ఆధారం పోలీసు రేడియో రికార్డింగులో వినిపించిందన్న నాలుగో తూటా, అంటే కాల్చినవాడు ఇంకొకడు ఉన్నాడని. ఆ చప్పుళ్లు కాల్పులు అయిపోయిన నిమిషం తర్వాతివని 1982లో శాస్త్రవేత్తల బృందం తేల్చింది.

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మాత్రం క్యూబా నేత కాస్ట్రోను చంపించే తన పథకాలను వారెన్ కమిషన్‌కు చెప్పకుండా దాచింది. ఆ సంగతి 1970ల్లో బయటపడింది. నా దృష్టిలో అది కెనెడీని చంపారనడానికి రుజువు కాదు. కానీ ఆ తర్వాత వాళ్ల మాట ఎవరు నమ్ముతారు?