బొచ్చె శాస్త్రీయ నామం ఎందుకు మారింది?

కాలేజీ రికార్డులో "కాట్ల కాట్ల" అని రాసిన బొచ్చె చేపను పోటీ పరీక్షల పుస్తకంలో "లాబియో కాట్ల" అని ఎందుకు రాశారు, రెండింటిలో ఏది తప్పు, శాస్త్రవేత్తలు ఇలా మార్చుకుంటూ పోతే ఆ పేర్లకు విలువేమిటి అని మీరు అడిగారు. రెండూ ఒకే చేప పేర్లు. నేడు మీనశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది వాడుతున్నది రెండవది. నేను భీమవరం ప్రాంతంలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించాను. వారిలో సగానికి పైగా చేపల చెరువులున్న ఇళ్ల పిల్లలు కావడంతో ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవారు. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

శాస్త్రీయ నామంలోని రెండు మాటలకూ వేర్వేరు పనులున్నాయి. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. మన ఇంటిపేరు, పెట్టిన పేరు లాంటివి అనుకోండి. దత్తత వెళ్లిన పిల్లవాడికి ఇంటిపేరు మారుతుంది గాని పెట్టిన పేరు మారదు. జంతువులకు ఈ పద్ధతిలో లెక్కకు వచ్చే పేర్లు లిన్నేయస్ 1758లో ప్రచురించిన గ్రంథం నుంచి మొదలవుతాయి. మన బొచ్చెకు పేరు పెట్టినవాడు ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు. గంగా నది చేపలను గురించి ఆయన 1822లో వెలువరించిన గ్రంథంలో బొచ్చె "సిప్రినస్ కాట్ల"గా, శీలావతి "సిప్రినస్ రోహిత"గా ఉన్నాయి, అంటే అప్పుడు రెండింటిదీ ఒకటే ఇల్లు. తరువాత 1844లో వాలెన్సియన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బొచ్చె కోసం కాట్ల అన్న ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. జాతి పేరు కూడా అదే కాబట్టి చివరికి "కాట్ల కాట్ల" అయింది. జంతువుల విషయంలో ఇలా ఒకే మాట రెండుసార్లు రావచ్చు, మొక్కల విషయంలో నియమావళి ఒప్పుకోదు. పేరు చివర హామిల్టన్, 1822 అన్న మాటలు కుండలీకరణాల్లో కనిపిస్తే, ఆయన పేరు పెట్టిన తరువాత ఆ జాతి వేరే ప్రజాతికి మారిందని అర్థం. పరీక్షలో అడిగేది కాకపోయినా పిల్లలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది.

బొచ్చెను అంతకాలం విడిగా ఉంచడానికి కారణం దాని రూపం. ల్యాబులో బల్ల మీద బొచ్చెనూ శీలావతినీ పక్కపక్కన ఉంచి తేడాలు రాయమంటే, బొచ్చెకు తల చాలా పెద్దదనీ, నోరు పైకి తిరిగి ఉంటుందనీ, మీసాలు లేవనీ, శీలావతికి పెదవులు దళసరిగా, అంచు కుచ్చులా ఉంటాయనీ విద్యార్థులు చకచకా రాసేసేవారు. ఇంత భిన్నంగా ఉన్నవాటిని ఒకే ప్రజాతిలో ఎలా కలుపుతారని వాదించేవారు కూడా. అయితే ఆ తేడాలు ఎందుకు వచ్చాయో చెరువు గట్టున పెరిగిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. బొచ్చె పై నీటిలో జంతు ప్లవకాలను, అంటే నీటిలో తేలియాడే అతి చిన్న జీవులను, వడకట్టుకుని తింటుంది, శీలావతి నడిమి నీటిలో మేస్తుంది, ఎర్రమోసు అనే మరో పెంపుడు చేప అడుగున మేస్తుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే చెరువులో పెంచగలగడానికి కారణమే అది. మేతను బట్టి నోరు, తల, మొప్పలలోని వడపోత అమరిక మారిపోవడానికి పరిణామంలో పెద్ద అడ్డంకి ఉండదు. అంటే పైకి కొట్టొచ్చినట్టు కనిపించే లక్షణమే బంధుత్వం విషయంలో మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించవచ్చు.

జన్యు క్రమాలను పోల్చి వంశవృక్షం గీసినప్పుడు బొచ్చె లాబియో కొమ్మకు వెలుపల ఎక్కడో కాక, ఆ కొమ్మల మధ్యలోనే తేలింది. లాబియో జాతులలో కొన్నింటికి మిగతా లాబియోల కంటే బొచ్చే దగ్గరి చుట్టమని దాని అర్థం. నేటి వర్గీకరణలో ప్రధాన సూత్రం ఒక్కటే: ఒక సమూహానికి పేరు పెడితే అందులో ఒక పూర్వికుడూ, ఆ పూర్వికుడి సంతతి మొత్తమూ ఉండాలి, మధ్యలో ఒకరిని వదిలేయకూడదు. అందువల్ల లాబియోను ముక్కలు చేసి ప్రతి ముక్కకూ కొత్త పేరు పెట్టాలి, లేదా బొచ్చెను లోపలికి తెచ్చుకోవాలి. రెండవది తేలిక. కలిపినప్పుడు పాత పేరుకు ప్రాధాన్యం ఉంటుంది గనుక, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే 1816లో పెట్టిన లాబియో నిలిచి, 1844 నాటి కాట్ల ప్రజాతి రద్దయింది. మధ్యలో కొందరు గిబెలియాన్ అన్న మరో ప్రజాతి పేరు వాడారు. మీకు ఎక్కడైనా అది కనిపిస్తే కంగారు పడకండి, అదీ బొచ్చే.

హేచరీలతో పరిచయమున్నవారు ఇక్కడ ఒక మాట అంటారు. తల్లిచేపలను కలగలిపి గుడ్లు పెట్టించినచోట బొచ్చెకూ శీలావతికీ పుట్టిన క్రాస్ పిల్లలు వస్తూనే ఉంటాయి కదా, ఇవి దగ్గరి చుట్టాలని అప్పుడే తెలియదా అని. ఆ తర్కం పూర్తిగా చాలదు, ఎందుకంటే వేరే ప్రజాతికి చెందిన ఎర్రమోసుతోనూ అవి సంకరమవుతాయి. తమలో తాము సంతానం కని, ఇతరులతో కలవని సమూహమే జాతి అని జీవశాస్త్రజ్ఞుడు ఎర్నస్ట్ మయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం పాఠ్యపుస్తకంలో చక్కగా ఉంటుంది గాని, బొచ్చె, శీలావతి వంటి కార్ప్ చేపల దగ్గర అది తరచు తడబడుతుంది.

రూపం, నివాసం చూసి గుంపు కట్టడం వేరు, వంశం చూసి గుంపు కట్టడం వేరు అనడానికి మన డెల్టాలో అన్నిటికంటే మంచి ఉదాహరణ కోరింగ మడ అడవి. ఉప్పునీటి బురదలో పక్కపక్కన పెరిగే మడ చెట్టు, తిల్ల చెట్టు ఒకే రకమైన మొక్కలని చూసేవారికి అనిపిస్తుంది. తిల్ల ఆముదం కుటుంబానికి చెందుతుంది. మడను ఒకప్పుడు టేకు, వావిలి మొక్కలతో పాటు వెర్బెనేసీ కుటుంబంలో ఉంచారు. జన్యు ఆధారాలు వచ్చాక మడ అడ్డసరం కుటుంబానికి, టేకూ వావిలీ తులసి కుటుంబానికి వెళ్లాయి. అడవిని కాపాడేవారికి "మడ అడవి" అన్న గుంపు ఎంతో అవసరం, కాని వంశవృక్షంలో అటువంటి కొమ్మ లేదు. ఆ మాటకొస్తే "చేపలు" అన్న కొమ్మా లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలలో ఉండే ఊపిరితిత్తుల చేపలు శీలావతి కంటే మనకే దగ్గరి బంధువులు.

మార్పులన్నీ ముందుకే సాగుతాయని కూడా అనుకోకండి. బూన్ 1931లో వర్ణించిన పీనియస్ వనామి రొయ్యను 1997లో పెరెజ్ ఫర్ఫాంటే, కెన్స్లీ లిటోపీనియస్ ప్రజాతిలోకి మార్చారు. ఆ విభజనకు జన్యు ఆధారాల మద్దతు లేదనీ, అన్నిటినీ మళ్లీ పీనియస్‌లో కలపాలనీ 2011లో మరొక అధ్యయనం ప్రతిపాదించింది. మన దేశంలో వనామి పెంపకానికి అనుమతి వచ్చినది 2009లో, అంటే లిటోపీనియస్ అన్న పేరు చలామణీలో ఉన్న కాలంలో. హేచరీ కాగితాల మీద ఇప్పటికీ రెండు పేర్లూ కనిపించడానికి కారణం ఇదే. సీడు (రొయ్య పిల్లలు) మారిపోయిందేమోనని కొందరు రైతులు నన్ను అడిగారు, అటువంటిదేమీ లేదు. నా మట్టుకు నాకు 1997 నాటి మార్పు తొందరపాటుగానే అనిపిస్తుంది.

స్కాంపి, అంటే మన నీలకంఠ రొయ్య, విషయం ఇంకా చిత్రమైనది. మాక్రోబ్రాకియం రోసెన్‌బర్గీ అని పిలిచేది నిజానికి రెండు జాతులని తేలాక, నియమం ప్రకారం ఆ పేరు న్యూగినీ వైపు రొయ్యకు పోయి, ప్రపంచమంతా పెంచుతున్న మన నీలకంఠ రొయ్యకు వేరే పేరు రావలసి ఉంది. అంత గందరగోళం వద్దని అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 2010లో ఇచ్చిన తీర్పుతో పేరు మన రొయ్యకే నిలిచింది. న్యూగినీ వైపు జాతిని మాక్రోబ్రాకియం వాలేసి అంటున్నారు.

రెండవ మాట సాధారణంగా స్థిరమన్నాను గాని, ఎర్రమోసు దగ్గర అదీ చర్చలో పడింది. హామిల్టన్ 1822లో మృగాల అని పేరు పెట్టిన చేప, బ్లోక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1795లో సిర్రోసస్ అని పేరు పెట్టిన చేప ఒక్కటేనని కొందరి వాదన. ఒక్కటే అయితే పాతదైన సిర్రోసస్ నిలవాలి, అందుకే కొన్ని పుస్తకాలలో సిర్రైనస్ సిర్రోసస్ అని చూస్తారు. రెండూ వేర్వేరు జాతులని నమ్మేవారు సిర్రైనస్ మృగాల అనే రాస్తారు. పులస దగ్గర అటువంటి తగవు లేదు. సముద్రంలో విలస అన్నా, వరద నీటికి ఎదురీది ధవళేశ్వరం వైపు వచ్చాక పులస అన్నా జాతి టెన్యువలోసా ఇలిషా ఒక్కటే, ధరలో ఎంత తేడా ఉన్నా సరే.

పరీక్ష సంగతికి వస్తే, మీకు నిర్దేశించిన పాఠ్యపుస్తకంలో ఏ పేరుంటే అదే రాయండి, ఎందుకంటే మార్కులు వేసేవారి చేతిలో ఉండే కీ దాని ప్రకారమే తయారవుతుంది. వ్యాసరూప సమాధానమైతే "కాట్ల కాట్ల, ప్రస్తుతం లాబియో కాట్ల" అని రెండూ పేర్కొనవచ్చు. ఇతర చేపలకు సందేహం వచ్చినప్పుడు ఫిష్‌బేస్ అనే ఆన్‌లైన్ చేపల సమాచార నిధిలో గాని, కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నిర్వహించే ఎష్‌మేయర్ చేపల కేటలాగులో గాని రెండవ మాటతో వెతకండి. పాత పేర్లన్నీ, ఎవరు ఏ సంవత్సరంలో మార్చారన్న వివరంతో సహా, ఒకేచోట దొరుకుతాయి.