ఐయూకి కొరియాలో అంత పేరెందుకు? దేజన్‌లో నాలుగేళ్ళున్న నా జవాబు

ప్రశ్న ఇది: "ఐయూ అనే గాయని గురించి ఆమె నటించిన సిరీస్ చూశాకే తెలిసింది. బీటీఎస్ బ్యాండులా ప్రపంచమంతా మోగిన పేరు కాదు. మరి కొరియాలో ఆమెకు అంత విలువ ఏమిటి? పదేళ్ళ తర్వాత ఎవరికైనా గుర్తుంటుందా?"

రెండో ముక్కకు జవాబు తేలిక. ఆమె మొదటిసారి టీవీలో పాడింది 2008 సెప్టెంబర్ 18న. అంటే మీరడిగిన పదేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో ఆమె సియోల్ వరల్డ్ కప్ స్టేడియంలో రెండు రోజులు పాడింది. ఆ స్టేడియంలో ఒంటరిగా కచేరీ చేసిన మొదటి గాయని ఆమే.

మొదటి ముక్కకు మాత్రం నేను చూసింది చెప్పాలి. 2016 నుంచి 2020 దాకా కొరియాలోని దేజన్ నగరంలో పీహెచ్‌డీ చేశాను. సంగీతంలో నాకు ఓనమాలు రావు, వినడం ఒక్కటే వచ్చు.

మా ల్యాబ్ వెనక వీధిలో చిన్న భోజనం హోటల్ ఉండేది. సోయా ముద్దతో చేసే పులుసు, అన్నం, నంజుకోవడానికి నాలుగు రకాలు. నడిపే ఆవిడను అందరూ "ఇమో" అని పిలిచేవాళ్ళు. అమ్మ తోడబుట్టినావిడను పిలిచే పిలుపు అది, మన లెక్కలో పిన్ని. ఒక రాత్రి పెద్దగా జనం లేరు. రేడియోలో ఒక పాట వస్తోంది. ఇమో గిన్నెలు తోముతూనే దాంతోపాటు పాడటం మొదలెట్టింది, ఒక్క పదం తప్పకుండా. కౌంటర్ దగ్గర హోంవర్క్ చేసుకుంటున్న కూతురు తలెత్తి, "అమ్మా, ఐయూ పాట నీకెలా వచ్చు?" అంది. ఇమోకి కోపం వచ్చినంత పనైంది. "ఐయూ పాటేంటే? అది సనుల్లిం వాళ్ళది. నేను స్కూల్లో ఉన్నప్పటిది!"

ఇద్దరూ కరెక్టే. సనుల్లిం ముగ్గురు అన్నదమ్ముల బ్యాండు. ఆ పాట 1984లో వాళ్ళు పాడింది. "నీ అర్థం" అని చెప్పుకోవచ్చు దాని పేరును. 2014లో ఐయూ పాత పాటలతో ఒక చిన్న ఆల్బమ్ చేసినప్పుడు ఇదీ పాడింది. ఊరికే పాడి వదిలేయలేదు. ఆ బ్యాండు పెద్దన్న కిమ్ చాంగ్ వాన్‌ని పిలిచి తనతో పాడించింది. అప్పటికి ఆయనకు 60 ఏళ్ళు, ఆమెకు 21. ఆయన గొంతులో వయసు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆ ఆల్బమ్ పేరు "క్కొత్‌గాల్పి". పుస్తకం పేజీల మధ్య దాచుకునే పువ్వు అని. మనం చిన్నప్పుడు నెమలీక దాచుకునేవాళ్ళం చూడండి, అలా అన్నమాట. మన దగ్గర పాత పాటను మళ్ళీ వాడుకోవడం అంటే పల్లవి ఒక్కటి లాక్కుని, వేగం పెంచి, కింద డ్రమ్స్ పెట్టడమే ఎక్కువ. ఈమె పాటను దాని నడకలోనే ఉంచింది. 2017లో రెండో భాగం, 2025లో మూడో భాగం వచ్చాయి. నా దృష్టిలో ఆమె హిట్ల లిస్టు కంటే ఈ మూడే గట్టివి. ఒక టీనేజర్, వాళ్ళమ్మ ఒకే పాటను "ఇది నాది" అని పోట్లాడుకునేలా చేయడం మామూలు విషయం కాదు. ఇంటిల్లిపాది గాయని అంటే అదే.

ఇక ఎలా పైకొచ్చింది అంటే, పెద్ద కంపెనీ తయారుచేసిన అమ్మాయి కాదు. అసలు పేరు ఈ జీ ఉన్, పుట్టింది 1993 మే 16న. చిన్నప్పుడు ఇంట్లో అప్పులు మీద పడి, కొంతకాలం తమ్ముడితో పాటు నాన్నమ్మ దగ్గర బొద్దింకలు తిరిగే ఒక్క గదిలో ఉందని ఆమే చెప్పింది. సుమారు 20 ఆడిషన్లలో కాదనిపించుకుంది. వాటిలో ఒకటి జేవైపీ అనే పెద్ద సంగీత కంపెనీది. తమాషా ఏంటంటే, ఆ కంపెనీ అధిపతి పార్క్ జిన్ యంగ్ 2011లో "డ్రీమ్ హై" సీరియల్‌లో టీచర్ వేషం వేస్తే, ఈమె అందులో స్టూడెంట్.

మొదటి పాట 15 ఏళ్ళ పిల్లకు అసలు నప్పని బరువైన పాట. పేరు "తప్పిపోయిన బిడ్డ". స్టేజి మీద ఉండగానే జనంలోంచి తిట్లు వినపడ్డాయని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. పాట ఆడలేదు. మరుసటి ఏడాది కంపెనీ ఆమె చేత ముద్దుముద్దు పాటలు పాడించింది. అవి నాకు ఇప్పటికీ ఎక్కవు. అసలు కథ 2010 డిసెంబర్‌లో "గుడ్ డే"తో మొదలైంది. సంగీతం ఈ మిన్ సూ, సాహిత్యం కిమ్ ఈనా.

ఈ పాట సంగతి నోరేబాంగ్‌కి వెళ్తే గానీ తెలియదు. అంటే పాటల గది. నాణెం వేస్తే ఒకటో రెండో పాటలు పాడుకోవచ్చు, మెషీన్ చివర్లో మార్కులు కూడా వేస్తుంది. మా ల్యాబ్‌లో మాస్టర్స్ చేసే ఒక అమ్మాయి ఉండేది. మీటింగుల్లో నోరు విప్పేది కాదు, ప్రొఫెసర్ పేరెత్తి అడిగితే తప్ప. సెమిస్టర్ అయిపోయిన రాత్రి అందరం వెళ్ళాం. ఆ అమ్మాయి మైకు తీసుకుని "గుడ్ డే" పెట్టింది. గదిలో ఏడుగురం. పాట చివరికొచ్చేసరికి ఒక్కొక్కరే సోఫాల్లోంచి లేచి నిలబడటం మొదలెట్టారు. నాకేమీ అర్థం కాలేదు, నేనూ లేచాను. అక్కడ ఊపిరి తీసుకోకుండా ఒకే దమ్ములో గొంతు ఒక మెట్టు, దాని మీద ఇంకో మెట్టు, ఆ పైన మూడో మెట్టు ఎక్కాలి. ఆ అమ్మాయి రెండో మెట్టు మీద జారింది. జారగానే మిగతావాళ్ళందరూ అందుకుని మూడోది కలిసి అరిచారు. పాట అని చెప్పలేను, అరుపే. మెషీన్ ఏం మార్కులేసిందో ఎవరూ చూడలేదు. "మూడు మెట్ల పైస్వరం" అనే మాటే కొరియాలో ఆ పాటతో వాడుకలోకి వచ్చిందని మా సీనియర్ దారిలో చెప్పాడు. 2019లో బిల్‌బోర్డ్ పత్రిక దశాబ్దపు కె-పాప్ పాటల్లో దీనికి మొదటి స్థానం ఇచ్చింది.

చిన్న పక్కదారి. ఆ మెట్లకు ముందు ఆమె "నాకు ఓప్పా అంటే ఇష్టం" అని చెప్పేస్తుంది. ఓప్పా అంటే ఆడపిల్ల అన్నయ్యను పిలిచే పిలుపు, మనసుపడ్డ అబ్బాయినీ అలాగే పిలుస్తారు. సబ్‌టైటిల్స్‌లో దీన్ని "అన్నయ్యా" అని వేస్తే పాట అక్కడికక్కడే చచ్చిపోతుంది. "బావా" అనాలి. ఇంత సుఖమైన మాట ఇంగ్లీషులో లేదు, మనకుంది.

ఆ పాటతో ఆమెకు "దేశం మొత్తానికి చెల్లెలు" అనే బిరుదు వచ్చింది. అలాంటి బిరుదు ఒక ఉచ్చు. చెల్లెలు ఎప్పటికీ చెల్లెలుగానే ఉండాలి, పెద్దదైతే ఒప్పుకోరు. ఆమె బయటపడింది తన కలంతో. 2015లో "ట్వెంటీ త్రీ", 2017లో "పాలెట్", 2020లో "ఎయిట్", 2021లో "లైలాక్". కొరియా పాత లెక్కలో (పుట్టగానే ఒక ఏడు, ఆపైన ప్రతి జనవరి 1కి ఇంకొకటి) ఆమె వయసు అప్పుడు వరసగా 23, 25, 28, 29. ఏ వయసుకు ఆ వయసు పాట రాసుకుంది. 23లో నేనేంటో నాకే తెలియదు, మీరు నమ్ముతారా అని ఆడుకుంటుంది. 25కి వచ్చేసరికి తనకేమిష్టమో కాస్త తెలిసిందంటుంది. "లైలాక్" ఇరవైలకు వీడ్కోలు. "ఎయిట్" బీటీఎస్ షుగాతో కలిసి చేసింది. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్ళు. మన దగ్గర ఆర్మీ పిల్లల్లో, అంటే బీటీఎస్ అభిమానుల్లో, చాలామందికి ఐయూ పేరు ఆ పాటతోనే తెలిసింది.

నా విషయానికొస్తే, "పాలెట్" వచ్చిన ఏడాది నాకూ సరిగ్గా 25. ఎక్స్‌పెరిమెంట్లు ఒక్కటీ పనిచేయడం లేదు, వీసా టెన్షన్, ఇంటికి ఫోన్ చేస్తే పెళ్ళి మాట. ఆ పాటలో ఆమె తన పొట్టి జుట్టు గురించీ, డైరీ గురించీ చెప్పుకుంటుంది, అంతే. పెద్ద తత్వమేమీ లేదు. కానీ నా వయసుదే ఒకమ్మాయి "ఇప్పుడిప్పుడే తెలుస్తోంది" అంటుంటే, నాకింకా తెలియకపోయినా పర్వాలేదనిపించింది. నా కొరియన్ భాష కూడా చాలావరకు ఆ పాట ఉన్న ఆల్బమ్‌తోనే వచ్చింది. ముఖ్యంగా "రాత్రి ఉత్తరం" అనే పాటతో. చిన్న చిన్న వాక్యాలు, నెమ్మదిగా పలుకుతుంది, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే సరిపోయేది. ఆ పాటకే 2018 జనవరిలో గోల్డెన్ డిస్క్ అనే కొరియా సంగీత అవార్డుల్లో పెద్ద బహుమతి వచ్చింది. అంతకు కొన్ని వారాల ముందే ఆమె స్నేహితుడు, షైనీ అనే బ్యాండు గాయకుడు జాంగ్‌హ్యున్ చనిపోయాడు. బహుమతి తీసుకుంటూ ఆమె అతన్ని తలుచుకుంది. మనుషులను ఓదార్చడం వృత్తిగా ఉన్న కళాకారులు ముందు తమను తాము చూసుకోవాలని చెప్పింది. మరుసటి రోజు ల్యాబ్‌లో ఆ వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరిగింది. మా సీనియర్ చూసి, ఏమీ అనకుండా కాఫీకి వెళ్ళిపోయాడు.

అన్నీ మెచ్చుకోళ్ళే కాదు. 2015లో ఒక పిల్లల నవలలోని ఐదేళ్ళ పాత్ర మీద ఆమె రాసిన పాట బాగా గొడవైంది. పసివాణ్ణి లైంగికంగా చూడటమేంటని ఆ నవల ప్రచురణకర్తలే అభ్యంతరం చెప్పారు, ఆమె క్షమాపణ అడిగింది. నా ఉద్దేశంలో అభ్యంతరం సబబే. కాకపోతే ఆ గొడవ తర్వాత రాయడం మానేసి వేరేవాళ్ళ మాటలు పాడుకుంటూ క్షేమంగా ఉండొచ్చు. మానలేదు.

నటన గురించి క్లుప్తంగా. 2018లో "మై మిస్టర్" అనే సిరీస్‌లో అప్పుల్లో మునిగి, ముసలి నాన్నమ్మను సాకుతూ, ఎవరితోనూ మాట కలపని 21 ఏళ్ళ టెంపరరీ ఉద్యోగిగా చేసింది. అందులో ఆమె నవ్వు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆమె చిన్నతనం తెలిసినవాళ్ళకు ఆ పాత్ర ఇంకోలా తగులుతుంది.

2022 సెప్టెంబర్‌లో జామ్‌సిల్ ఒలింపిక్ స్టేడియంలో కచేరీ చేసింది. అక్కడ ఒంటరిగా పాడిన మొదటి కొరియన్ గాయని కూడా ఆమే. "గుడ్ డే", "పాలెట్" పాటలను ఇక కచేరీల్లో మామూలుగా పాడనని, వాటికి "గ్రాడ్యుయేషన్" అయిపోయిందని అక్కడే ప్రకటించింది. తనను నిలబెట్టిన పాటను తనే పక్కన పెట్టడానికి గుండె కావాలి. 2024 కచేరీకి ముందు చప్పుడుతో ఇబ్బంది పడతారని స్టేడియం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు చెత్త సంచులు పంచిపెట్టారు. నవ్వొస్తుంది కదూ? కొరియాలో చెత్త పారేయాలంటే ఆ సంచులు డబ్బు పెట్టి కొనాలి, నెల తిరిగేసరికి అయిపోతుంటాయి. అక్కడ నాలుగేళ్ళు కొన్నవాణ్ణి, పూలగుత్తి కంటే అది ఎంత పనికొచ్చే బహుమతో నాకు తెలుసు.

అమెరికా చార్టుల మీద ఆమె దండయాత్ర చేయలేదన్న మీ మాట నిజమే. పాటలు కొరియన్ మాటల మీద అంతగా ఆధారపడితే దాటించడం కష్టం. అందుకే బయట ఆమె గురించి నటిగానే ఎక్కువమందికి తెలిసింది. మీరు చూసింది బహుశా 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జెజు ద్వీపం కథే అనుకుంటాను, తల్లీ కూతుళ్ళుగా రెండు పాత్రలూ ఆమే వేసింది.

మా అమ్మ కూడా చూసింది. సబ్‌టైటిల్స్ అందవు కాబట్టి నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. నాలుగో ఎపిసోడ్ తర్వాత "ఈ పిల్ల పాటలు కూడా పాడుతుందన్నావు, ఏదీ పెట్టు" అంది. పాత పాటల రెండో భాగంలోంచి "శరదృతువు ఉదయం" పెట్టాను. అసలు పాడింది యాంగ్ హీ ఉన్, 1991లో. ఐయూ తన తొమ్మిదో వార్షికోత్సవం రోజున, 2017 సెప్టెంబర్ 18న, ఉదయం 7 గంటలకు విడుదల చేసింది. ఆ పొద్దున నేను ల్యాబ్‌కి నడుస్తూ విన్నది గుర్తుంది. మొదట్లో వాద్యాలేవీ ఉండవు, గొంతు ఒక్కటే.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. "ఇది ఇప్పటి పాటలా లేదే" అంది. అర్థం అడిగితే చెప్పాను. పొద్దున్నే వంటింట్లో అమ్మ హడావుడి, అప్పుడే లేచి చన్నీళ్ళ కోసం దేకుతూ వచ్చే కొడుకు బద్ధకం.

"అయితే నీ గురించే" అని చిక్కుడుకాయల పళ్ళెం నా ముందుకు తోసింది.