మోకాలి నొప్పి పక్కనపెట్టి సర్టిఫికెట్ అడిగితే ఎలా అమ్మా?

ప్రశ్న: మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు, బీకాం రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, డిప్లొమా పాసైంది. డాన్స్ టీచర్‌నే అవుతానంటోంది. ఎంపీఏ (నాట్యం లాంటి కళల్లో పీజీ) చేయించమంటారా? లేక సురక్షిత నాట్య బోధన మీద ఆన్‌లైన్‌లో అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉందట, అది ఉంటే అమెరికా పిల్లలకు క్లాసులు చెప్పుకోవచ్చంటున్నారు. రెండింట్లో ఏది త్వరగా సంపాదన ఇస్తుంది? ఈమధ్య మోకాలు నొప్పి అంటోంది. సాధన తగ్గి ఉంటుందని వాళ్ల మేడం అన్నారు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఫీజులు, సంపాదన, అమెరికా అన్నీ అయ్యాక, అప్పుడు గుర్తొచ్చినట్టు మోకాలి మాట రాశారు. కోపం తెచ్చుకోకండి గానీ, ముందు రాయాల్సింది అదే. నాట్యం చెప్పి బతుకుతానంటున్న పిల్లకు కాళ్లే కదా పెట్టుబడి. సాధన తగ్గితే ఆయాసం రావచ్చు, అడుగు తడబడొచ్చు. వారాల తరబడి నొప్పి ఉంటే మాత్రం సాధన పెంచడం మందు కాదు. ఎముకల డాక్టరుకో, ఆటగాళ్లకు వైద్యం చేసే ఫిజియోథెరపిస్టుకో చూపించండి. నాట్యం మాన్పించేస్తారేమోనని ఆడపిల్లలు నొప్పి దాచుకుంటారు, మీ అమ్మాయి నోరు తెరిచి చెప్పిందంటే అది ఎప్పుడు మొదలైందో కూడా అడగండి.

ఇంట్లో మీరే ఒకటి చూడొచ్చు. అద్దం ముందు అరమండిలో, అంటే పాదాలు పక్కలకు తిప్పి మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు, నిలబడమనండి. మోకాలు పాదం రెండో వేలి మీదుగా బయటికి వెళ్తోందా, లేక బొటనవేలు దాటి లోపలికి వాలుతోందా? పాదాలు పక్కలకు తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి అంత తిరగనివాళ్లు పాదాన్ని బలవంతంగా తిప్పి నిలబడితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. ఆ పైన గ్రానైట్ నేల మీద గంటసేపు తట్టు అడుగులు. సిమెంటు మీద పల్చని వినైల్ షీటు పరిచి 'డాన్స్ ఫ్లోర్' అని బోర్డు పెట్టినా కింద ఉన్నది సిమెంటే. అడుగు పడినప్పుడు కొంచెం లొంగే చెక్క నేల మన ఊళ్లలో ఎన్ని క్లాసులకుంది చెప్పండి?

మీరు సర్టిఫికెట్ అంటున్న చదువు అంతా ఇదే. ఏ అడుగుకి ఏ కీలు మీద బరువు పడుతుంది, క్లాసుకి ముందు ఒంటిని ఎలా వేడెక్కించాలి, ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పంటున్న పిల్లచేత ఎన్ని గెంతులు తగ్గించాలి, మే నెల ఎండలో రిహార్సల్ ఎప్పుడు ఆపాలి, మూడు నెలలుగా నెలసరి రాలేదన్న పిల్లను తిండి సంగతి అడిగి డాక్టరు దగ్గరికి ఎలా పంపాలి. భంగిమ సరిదిద్దడానికి చెయ్యి వేసేముందు పిల్లను అడగడం కూడా ఇందులో భాగమే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం. ఆ సంగతీ, పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరూ పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి.

ఇక్కడ తల్లిదండ్రుల్నీ ఒకమాట అనాలి. "పళ్ళెం ఎప్పుడెక్కిస్తారు మేడం" అని వార్షికోత్సవానికి ముందు గురువుల వెంటపడేది మీరే. ఇత్తడి పళ్ళెం అంచుని కాలివేళ్లతో పట్టి జరుపుతూ తరంగం చేయాలంటే పాదం, పిక్క ముందు గట్టిపడాలి. ఫోటో బాగుంటుందని తొమ్మిదేళ్ల పిల్లను ఎక్కించమంటే, ఇంకా కాదని చెప్పగలిగిన టీచరే సురక్షితంగా నేర్పే టీచరు. అలా అన్న టీచరు దగ్గర మాన్పించి పక్క వీధిలో చేర్పించిన తల్లుల్ని నేనెరుగుదును.

ఇక ఆ సర్టిఫికెట్. నాట్య వైద్యం మీద 1990లోనే ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. బ్రిటన్‌లో 'సేఫ్ ఇన్ డాన్స్ ఇంటర్నేషనల్' లాంటి సంస్థ ఏ శైలి వాళ్లకైనా సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ చదువు మీద నాకు గౌరవమే. నా అనుమానమల్లా మీకు దాన్ని అమ్మజూపుతున్న తీరు మీద. మనదేశంలో ప్రైవేటుగా నాట్యం చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు, బ్రిటన్‌లో కూడా అది తప్పనిసరి కాదు. కాబట్టి ఆ కాగితం లేక ఆగిపోయే క్లాసు లేదు, అది చూసి వచ్చి పడే శిష్యులూ లేరు. పైగా ఈ రంగంలో పరిశోధన ఎక్కువగా బాలే చుట్టూ జరిగింది. వట్టి పాదంతో తట్టడం, గజ్జెల బరువు, పళ్ళెం లాంటి వాటికి జవాబు మనవాళ్లే వెతుక్కోవాలి. పదిమంది పిల్లల కాళ్లు ఎదురుగా చూడకుండా వీడియోలు చూసి రాసిన పరీక్ష, గట్టు మీద కూర్చుని నేర్చిన ఈత. 'అంతర్జాతీయ' అన్న మాట ఒక్కటే చూపి డబ్బు కట్టమనేవాళ్లను మూడు ప్రశ్నలడగండి: చెప్పేవాళ్లలో ఫిజియోథెరపిస్టు ఉన్నారా, మీ అమ్మాయి క్లాసు చెబుతుండగా ఎవరైనా చూసి తప్పులు చెబుతారా, పాసవని వాళ్లు ఎప్పుడైనా ఉన్నారా? నీళ్లు నమిలితే వదిలేయండి.

అమెరికా పిల్లల సంగతికొస్తే, అక్కడ చాలామంది బేస్‌మెంట్ కార్పెట్ మీద ఆడతారు. వట్టి పాదం కార్పెట్‌కి పట్టేసి మనిషి తిరిగితే మెలిక మళ్లీ మోకాలికే. కెమెరాలో నడుము దాకానే కనిపిస్తుంటే మీ అమ్మాయి ఏం సరిదిద్దుతుంది? మొదటి పాఠం కెమెరా దూరం జరిపించి పాదాలు కనిపించేలా చేసుకోవడమే కావాలి.

ఎంపీఏ గురించి పొడిగా చెప్పేస్తాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడితో ఎంపీఏ ఉంది, కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్రయోగి కళాపీఠంలోనూ అడిగి చూడండి. కాలేజీలో చెప్పాలనుకుంటే, అందుకోసం యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలనుకుంటే పీజీ కావాలి. ఇంటి దగ్గర క్లాసు పెట్టుకోవడానికి అక్కర్లేదు. ఎంపీఏ, ఆ సర్టిఫికెట్ ఒకదానికొకటి పోటీ కావు, త్వరగా డబ్బు తెచ్చేది రెండింట్లో ఏదీ కాదు.

అయినా భయపడకండి. పందొమ్మిదేళ్లకే ఏం చేయాలో తెలిసిన పిల్ల మీ ఇంట్లో ఉంది. ముందు మోకాలు బాగుపడనివ్వండి. తర్వాత ఏడాదిపాటు మంచి గురువు దగ్గర చిన్నపిల్లల క్లాసుకి సహాయకురాలిగా పంపండి, జీతం తక్కువైనా సరే. ఎవరి కాళ్లు ఎలా వాలుతున్నాయో పుస్తకంలో రాసుకోమనండి. రెడ్‌క్రాస్‌లోనో సెయింట్ జాన్ అంబులెన్స్‌లోనో ప్రథమ చికిత్స నేర్పుతారు, అదీ చేయించండి. ఆ ఏడాది గడిచాక కూడా సర్టిఫికెట్ కావాలంటే అప్పుడు కట్టండి, తన ప్రశ్నలు తనకుంటాయి కాబట్టి డబ్బు వృథా కాదు.

బీకాం మాత్రం మధ్యలో మాన్పించకండి. హాలు అద్దె, ఫీజుల లెక్క, వేసవిలో సగం మంది పిల్లలు రాని నెలలు – క్లాసు మూతపడేది ఎక్కువగా వీటి దగ్గరే.