కోతులు కావాలని రాసేముందు

సంధ్యా,

మద్యం అలవాటు మీద కోతులతో చేస్తానన్న పరిశోధనకి నువ్వు రాసిన ప్రపోజల్ మొత్తం చదివాను. ముందు కోతులు కావాలని రాసుకుని తర్వాత ప్రశ్న వెతుక్కున్నట్టుంది. తిరగరాయి. ఎలుకలతో తేలే ప్రశ్నైతే కోతి జోలికి వెళ్లొద్దు.

కోతే ఎందుకో నీకు స్పష్టంగా ఉండాలి. మన హైదరాబాద్‌లో కల్లు కాంపౌండ్‌కి వెళ్లే మనిషినే తీసుకో, ఆ కల్లులో మత్తు కోసం ఆల్ప్రజోలం అనే నిద్రమాత్రల పొడి కలిపి ఉండొచ్చు, పైగా బీడీలు, సరైన తిండి ఉండదు, ఎంత తాగావని అడిగితే తగ్గించే చెబుతాడు. అతని మెదడులో మార్పు మద్యం వల్ల వచ్చిందా, ముందే ఉన్న తేడా వల్ల మద్యానికి అలవాటయ్యాడా అన్నది విడదీయడం చాలా కష్టం. కోతికైతే తాగకముందు తీసిన స్కాన్ ఉంటుంది, ఆ తర్వాత ఎంత తాగిందో లెక్క ఉంటుంది.

అమెరికాలో ఒరెగాన్ ప్రైమేట్ సెంటర్‌లో క్యాథ్లీన్ గ్రాంట్ బృందం వాడే పద్ధతి బాగా చదువు. కోతికి కొన్ని నిమిషాలకోసారి చిన్న తిండి బిళ్ల పడుతుంది, ఆ మధ్యలో ఊరికే ఉండలేక అది తాగుతూ ఉంటుంది. అలా 4 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లని మోతాదు పెంచుతూ నెలల పాటు అలవాటు చేసి, ఆ తర్వాత రోజుకి 22 గంటలు మందు, మంచినీళ్లు రెండూ అందుబాటులో ఉంచుతారు. అక్కడి నుంచి ఎంత తాగాలన్నది దాని ఇష్టం. కొన్ని కాస్త తాగి ఊరుకుంటాయి, కొన్ని రోజూ విపరీతంగా తాగుతాయి. అదే తిండి, అదే మందు! అసలు సంగతంతా ఈ తేడాలోనే ఉంది, నువ్వేమో అన్నిటికీ కలిపి సగటు తీస్తానని రాశావు. ఒక్కో కోతినీ విడిగా చూడు.

పెంపకం సంగతి కూడా వదలొద్దు. తల్లి లేకుండా తోటి పిల్లలతో పెరిగిన రీసస్ కోతులు ఎక్కువ తాగాయని హిగ్లీ, సుయోమి అనే పరిశోధకులు 1991లోనే చూపించారు.

2023లో మెదడులోకి జీడీఎన్ఎఫ్ (నాడీకణాలకి అండగా ఉండే ఒక ప్రోటీన్) జన్యువు పంపితే కోతుల తాగుడు 90 శాతానికి పైగా తగ్గిందన్న పేపర్‌ని ఉదహరించావు, మంచిదే, కానీ అది కొద్ది కోతుల మీద, మెదడుకి సర్జరీ చేసి సాధించింది. మనుషుల తాగుడుకి చికిత్స దొరికేసిందన్నట్టు రాయకు.

ఇంకోటి. ఆ ఒరెగాన్ కోతుల కణజాలం, డేటా వేరే పరిశోధకులకి ఇచ్చే బ్యాంక్ ఉంది. కొత్త జంతువుని అడిగేముందు వాళ్లకి రాయి, నీ ప్రశ్న అక్కడే తీరిపోవచ్చు. తీరకపోతేనే జంతువుల మీద ప్రయోగాలని పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ సీసీఎస్ఈఏ అనుమతికి వెళ్లు. పని అయ్యాక ఆ కోతులు ఎక్కడ బతుకుతాయో, ఆ ఖర్చు ఎవరిదో నీ బడ్జెట్‌లో ఒక్క లైను కూడా లేదు. ముందు అది రాసి పంపు, మిగతాది తర్వాత చూస్తాను.

మీ పెద్దనాన్న