‘ఆఫ్ ది వాల్’ని అప్పట్లో విమర్శకులు తక్కువ చేశారా?

మైకేల్ జాక్సన్ ఆల్బమ్ ‘ఆఫ్ ది వాల్’కి ఒక్క గ్రామీ అవార్డే వచ్చింది కాబట్టి విమర్శకులకి నచ్చలేదేమో అని మీ అనుమానం. అది నిజం కాదండి. 1979 ఆగస్టులో ఆల్బమ్ వచ్చింది. రోలింగ్ స్టోన్ పత్రికలో స్టీఫెన్ హోల్డెన్ జాక్సన్ గొంతుని గాయకుడు స్టీవీ వండర్ గొంతుతో పోల్చి మెచ్చుకున్నాడు. మార్కుల దగ్గర పిసినారి అయిన విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ కూడా ‘ఎ’ గ్రేడు ఇచ్చాడు.

చిన్నచూపు చూసింది అవార్డులవాళ్లే. 1980 గ్రామీల్లో రెండే నామినేషన్లు: ఆర్ అండ్ బి (నల్లజాతి అమెరికన్ల లయప్రధాన సంగీతం) గాత్రానికి అవార్డు వచ్చింది, డిస్కో (క్లబ్బుల్లో ఆడే డ్యాన్స్ సంగీతం) విభాగంలో గ్లోరియా గేనర్ పాట ‘ఐ విల్ సర్వైవ్’ గెలిచింది. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ పోటీలో దీని పేరే లేదు. డిస్కో అంటేనే జనం మండిపడుతున్న రోజులవి. ఆల్బమ్ రావడానికి నెల ముందే, జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు పేల్చేశారు. డ్యాన్స్ పాటల్లో సంగీతం ఏముంటుందిలే అన్న లెక్క.

ఆ మాట నేనూ పడ్డాను. బరంపురంలో మెలోడీ పార్టీలో, అంటే పాటల బృందంలో, బేస్ గిటార్ వాయిస్తాను. పెళ్లిళ్లలో సగం ఒడియా పాటలు, సగం తెలుగు పాటలు. ఒక పోటీలో జడ్జిగారు, ‘డ్యాన్స్ పాటకి బేస్ ఎవరైనా వాయిస్తారు’ అనేశారు. ఇంటికొచ్చి బాధపడుతుంటే మా బాబాయి ఈ ఆల్బమ్‌లోని ‘డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఇనఫ్’ పెట్టి, ‘ఒరేయ్, దాదాపు రెండే కార్డ్స్ (స్వరాల గుంపులు)రా. ఆరు నిమిషాలు స్పీడు పెరక్కుండా దీంతోపాటు వాయించు చూద్దాం’ అన్నాడు.

మూడో నిమిషానికే నా వేళ్లు పరిగెత్తాయి. అక్కడ బేస్ మాత్రం మొదట్లో ఆ గుసగుస మాటల కింద ఎలా మొదలైందో చివరిదాకా అదే నిదానం. ఆ పట్టు చేతికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మీరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇదే ఆల్బమ్‌లోని ‘గెట్ ఆన్ ది ఫ్లోర్’ వినండి. జాక్సన్‌తో కలిసి ఆ పాట కట్టిన లూయిస్ జాన్సనే బేస్ కూడా వాయించాడు. బొటనవేలితో తీగని కొట్టే ఆ దెబ్బ విడిగా వినిపిస్తుంది. మామూలు ఫోన్ స్పీకర్‌లో అయితే అది అంత బాగా తెలియదు.