అక్క దవడకు త్రీడీ స్కాన్: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామ దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ అమ్మ ఓపీజీ, అదే దవడంతా ఒకే ఫిల్ములో చూపించే ఎక్స్‌రే, చూశాను. "పోయిన పన్ను చోట ఇంప్లాంట్ వెయ్యాలంటే త్రీడీ స్కాన్ కూడా కావాలంటున్నారు మామా, ఇది బిల్లు పెంచే పనేనా?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే ఆఫీసు హడావుడిలో సగం వింటావు, విన్నదాంట్లో సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

డాక్టరును స్కాన్ అవసరమా అని అడగొద్దు, అవసరమే అంటాడు. "ఈ స్కాన్‌లో మీరు దేనికోసం చూస్తారు? అది ఓపీజీలో ఎందుకు తెలియదు?" అని అడుగు. సూటిగా జవాబొస్తే తీయించు. "మా దగ్గర అందరికీ తీస్తాం" అంటే మాత్రం లేచి ఇంకో డాక్టరు దగ్గరికి పో. బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ ఓపీ చీటీ రాయించుకుని చూపించినా సరే. మీ అమ్మ విషయంలో ఆ ప్రశ్నకు గట్టి జవాబే ఉంది.

జాలహళ్ళి హెచ్ఎంటీ ఫ్యాక్టరీలో నేను చేసింది ఇన్‌స్పెక్షన్ పని కదా. ఏ పార్టు డ్రాయింగైనా ఎదురుగా, పైనుంచి, పక్కనుంచి, మూడు వైపులా గీసి ఉండాలి. ఎదురు బొమ్మ ఒక్కటే ఇచ్చి పార్టు చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. నిలబెట్టిన గుండ్రటి కడ్డీ, నలుపలకల దిమ్మె రెండూ ఎదురుగా చూస్తే ఒకేలా ఉంటాయి మరి. ఓపీజీ అలాంటి ఒక్క వైపు బొమ్మ. దవడంతా చాపలా పరిచి చూపిస్తుంది. ఎత్తు తెలుస్తుంది, మందం తెలియదు. పైగా అసలు సైజు కంటే పెద్దగా చూపిస్తుంది, అదీ అన్ని చోట్లా ఒకే లెక్కన కాదు. అలాంటి డ్రాయింగు మీద నేనైతే సంతకం పెట్టను.

అక్కకు కింది దవడ పన్ను తీయించి ఆరేళ్ళయింది. పన్ను పోయిన చోట ఎముక అలాగే ఉండిపోదు, తరుగుతుంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ తరుగుతుంది, ఎత్తు కంటే మందమే ఎక్కువగా పోతుంది. ఇంప్లాంట్ అంటే టైటానియం మర. మామూలుగా 4 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల పొడవు అనుకో. బిగించాక దానికి అటూ ఇటూ కనీసం ఒక మిల్లీమీటరైనా ఎముక మిగలాలి. అంటే ఎముక మందం ఆరేడు మిల్లీమీటర్లు ఉండాలి. అది ఉందో లేదో నువ్వు పంపిన ఫోటో చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇక ఎముక లోపల సన్నటి గొట్టంలాంటి దారిలో కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిపే నరం పోతుంది. మర కొసకీ ఆ దారికీ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం వదులుతారు. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొందరికి నాలుక వైపు ఎముక కింద గుంటలా లోపలికి వంగి ఉంటుంది. అది తెలియక నిటారుగా డ్రిల్ చేస్తే అటు బయటికి పొడుచుకుపోయి, రక్తనాళం తెగొచ్చు. ఓపీజీలో ఆ వంపు జాడే ఉండదు.

ఆ నరం సంగతి పుస్తకం చూసి చెప్పడంలేదు. 1991లో నాకు కింది జ్ఞానదంతం తీశారు. ఎక్స్‌రేలో పన్ను వేరూ నరం దారీ ఒకదాని మీద ఒకటి పడి కనిపించాయి. అవి నిజంగా తగులుకుని ఉన్నాయా, ముందూ వెనకా ఉన్నాయా అన్నది ఆ నీడలో తేలే సంగతి కాదు. పన్నయితే వచ్చింది కానీ కింది పెదవి సగం నాలుగు నెలలు మొద్దుబారిపోయింది. కాఫీ తాగితే గడ్డం మీదికి కారేది, మీ అత్త తుడిచేదాకా నాకు తెలిసేది కాదు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నా తెలిసేది కాదు. డాక్టరును తప్పుపట్టను. దంతాలకు వాడే ఈ త్రీడీ స్కాన్ యంత్రాలు, కోన్ బీమ్ అంటారు, యూరప్‌లోనే 90ల చివర్లో గానీ అమ్మకానికి రాలేదు.

2017లో నాకే ఇంప్లాంట్ వెయ్యాల్సి వచ్చినప్పుడు స్కాన్ తీశారు. డాక్టరమ్మ కంప్యూటర్ మీద నా దవడను బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసి ఒక్కొక్కటే చూపించింది. ప్రతి ముక్క మీదా కొలతలు వేసింది. 10 మిల్లీమీటర్ల మర అనుకున్నదాన్ని 8కి తగ్గించి, వాలు కొంచెం మార్చింది. నోరు తెరవకముందే లెక్క తేలిపోయింది. నాకు అంతకంటే ధైర్యం ఇంకేం కావాలి!

అలాగని ప్రతిదానికీ స్కాన్ అంటే ఒప్పుకోవద్దు. పళ్ళ మధ్య పుచ్చును కనిపెట్టడానికి మామూలు చిన్న ఎక్స్‌రేనే మేలు. చిగుళ్ళ వాపు ఈ త్రీడీ స్కాన్‌లో సరిగా తెలియదు. లోహపు క్యాపులు, రూట్ కెనాల్‌లో నింపిన పదార్థం ఉంటే వాటి చుట్టూ చారలు పడి, లేని పగులు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కూడా కనిపించొచ్చు. రూట్ కెనాల్ చేసినా నొప్పి తగ్గకపోతే అప్పుడు పనికొస్తుంది. పై దవడ పెద్ద పన్ను వేరులో చాలామందికి నాలుగో కాలువ ఒకటి దాక్కుని ఉంటుంది, అది స్కాన్‌లో దొరకొచ్చు. నీ కూతురి క్లిప్పుల కోసం కూడా ఇదే తియ్యాలన్నారని అన్నావు. కోర పన్ను ఎముకలో అడ్డంగా ఇరుక్కుంటే తియ్యాలి. క్లిప్పులు వేసే ప్రతి పిల్లకీ అక్కర్లేదు. రేడియేషన్ పిల్లల మీద ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి అక్కడ రెండుసార్లు అడుగు.

రేడియేషన్ అనగానే అక్క టెన్షన్ పడుతుందని తెలుసు. మనం ఊరికే ఇంట్లో కూర్చున్నా నేల, గాలి, తిండి నుంచీ ఆకాశం నుంచీ ఏడాదికి సగటున 2,400 మైక్రోసీవర్టులు (రేడియేషన్‌ను కొలిచే లెక్క) పడుతూనే ఉంటుంది, రోజుకు ఆరేడు. ఓపీజీ రెండు మూడు రోజుల లెక్క. ఆసుపత్రిలో తలకు తీసే సీటీ దగ్గరదగ్గర ఏడాది లెక్క. ఈ దంతాల స్కాన్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఎంత భాగం తీస్తున్నారన్న దాన్నిబట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా, పెద్ద భాగమైతే ఇంకా పైకి పోతుంది. అందుకే "ఆ పన్ను చోటు మటుకే తీస్తారా, రెండు దవడలూ తీస్తారా?" అని అడగడం మరవొద్దు. చిన్న భాగానికి రేటూ తక్కువే ఉంటుంది. యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపించమంటే సిగ్గేం లేదు.

పోయినసారి ఎంఆర్ఐ గొట్టంలో పడుకోబెట్టినప్పుడు అక్క ఎంత గోల చేసిందో గుర్తుంది కదా. ఇది అలా ఉండదని ముందే చెప్పు. కుర్చీలో కూర్చోబెట్టో నిలబెట్టో గడ్డం ఒక చోట ఆనించి, ప్లాస్టిక్ పుల్ల కొరకమంటారు. యంత్రం తల చుట్టూ ఒకసారి తిరిగొస్తుంది. పది ఇరవై సెకండ్లు, అంతే. ఆ కాసేపు తల కదిలించకూడదు, గుటక కూడా మింగకూడదు. కదిలితే బొమ్మ అలుక్కుపోయి మళ్ళీ తియ్యాల్సొస్తుంది. 1896లో, రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన కొద్దివారాలకే, జర్మనీలో వాల్కాఫ్ అనే దంత వైద్యుడు తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నాడు. 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడట! అక్కకు ఈ కథ చెప్పు, పౌరుషం వస్తుంది.

తీశాక వాళ్ళిచ్చే ఫిల్ము ఒక్కటే పట్టుకుని రావద్దు. అసలు ఫైళ్ళు, డైకామ్ అంటారు, పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకో. అవి లేకపోతే రేపు ఇంకో డాక్టరు దగ్గరికి పోతే మళ్ళీ తీయమంటాడు. ఓరల్ రేడియాలజిస్టు రాసిన రిపోర్టు కూడా కావాలి. మన డాక్టరు కళ్ళు మర వేసే చోటు మీదే ఉంటాయి. బొమ్మలో పడ్డదంతా చూసి రాసేవాళ్ళు ఒకరుండాలి.

చెవి కమ్మలు, ముక్కుపుడక తీసేయాలి. తాళి సంగతి ముందే సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కో, అక్కడికి పోయాక తియ్యమంటే గొడవవుతుంది. అక్క ముక్కుపుడక మర పదేళ్ళుగా తిప్పింది లేదు, బిగుసుకుపోయి ఉంటుంది. బయల్దేరడానికి రెండు రోజుల ముందే హిందూపురంలో కంసాలి దగ్గర వదులు చేయించుకోమను. రైలుకు వస్తే యలహంకలోనే దిగమను. నేను స్టేషన్‌కు వస్తా.

మీ మామ